వెలుగుకీ కణాలకీ తగవు, నీడ చెప్పిన తీర్పు

1932 ఆగస్టు 31న చంద్రుడి నీడ కెనడాలోని క్యుబెక్ మీదుగా వచ్చి, అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాలను తాకి అట్లాంటిక్‌లోకి జారిపోయింది. టెలిస్కోపులు మోసుకొచ్చినవాళ్లకు ఆ రోజంతా మబ్బుల బెంగ. రేడియో పరికరాలు తెచ్చుకున్నవాళ్లకు ఆ బెంగ లేదు, వాళ్ల తరంగాలకు మబ్బు అడ్డం కాదు. వాళ్ల ఆత్రం వేరు. మామూలు గ్రహణం మధ్యాహ్నం దాటాక పడుతుందని లెక్క ఉండనే ఉంది. అంతకు రెండు గంటల ముందే కంటికి ఆనని ఇంకో గ్రహణం కూడా పడుతుందా, పట్టదా? వాళ్లు తేల్చవలసింది అదీ. పడితే ఒక సిద్ధాంతం గెలుస్తుంది. పట్టకపోతే రెండోది.

అంత ముందుగా పట్టే గ్రహణం ఎక్కడి నుంచి వచ్చింది? దానికి ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1901 డిసెంబరులో మార్కోనీ ఇంగ్లండు పడమటి కొస నుంచి పంపిన సంకేతం అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో వినిపించింది. రేడియో తరంగాలు వెలుగులాగే సూటిగా పోయేవి. భూమి గుండ్రంగా ఉంది. మరి ఆ సంకేతం సముద్రపు వంపు దాటి ఎలా దిగింది? మరుసటి ఏడాది అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఒకే ఊహ చేశారు: ఆకాశంలో చాలా ఎత్తున విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఏదో ఉంది, తరంగాలను అది కిందికి వంచుతోంది. ఊహకు రుజువు దొరకడానికి మరో ఇరవై రెండేళ్లు పట్టింది. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్ బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే తరంగాలను ఆక్స్‌ఫర్డ్‌లో పట్టి, నేల వెంట వచ్చినదానికీ పైనుంచి మళ్లి వచ్చినదానికీ తేడా చూసి పొర ఎత్తు లెక్కగట్టాడు. సుమారు 100 కిలోమీటర్లు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పొరల సముదాయమే అయనోస్ఫియర్. అక్కడ గాలి చాలా పలచన. అందులో కొన్ని అణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అయాన్లుగా మిగులుతాయి, విడిపోయిన ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను వంచుతాయి. 60 నుంచి 90 కిలోమీటర్ల దాకా డి పొర, దాని పైన ఆపిల్టన్ కనిపెట్టిన ఇ పొర, 150 దాటాక ఎఫ్ పొర. పగటిపూట ఎఫ్ రెండుగా చీలుతుంది: ఎఫ్1, ఎఫ్2. ఎలక్ట్రాన్ల గుంపు అన్నిటికన్నా చిక్కగా ఉండేది ఎఫ్2లో, ఇంచుమించు 300 కిలోమీటర్ల దగ్గర. పగలు స్థానిక మీడియం వేవ్ స్టేషను తప్ప పలకని రేడియోలో రాత్రి ఎక్కడెక్కడి భాషలో వినబడటానికి కారణం, తరంగాలను మింగే డి పొర సూర్యాస్తమయంతో కరిగిపోవడమే.

సూర్యుడు పోగానే కరిగిపోతోందంటే దాన్ని తయారుచేసేది సూర్యుడే. అంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ తరువాతి ప్రశ్న దగ్గర: సూర్యుడి నుంచి వచ్చే ఏ వస్తువు? అతినీలలోహిత కిరణాలా, వేగంగా దూసుకొచ్చే కణాలా? కణాల పక్షం మరీ బలహీనమైనదేమీ కాదు. ధ్రువాల దగ్గర ఆకాశంలో ఆకుపచ్చగా, ఎర్రగా ఆడే అరోరా కణాల పనేనని అప్పటికే చాలామంది నమ్మారు. సూర్యుడి మీద పెద్ద అలజడి కనబడ్డ ఒకటి రెండు రోజులకు భూమి మీద దిక్సూచి ముల్లు వణుకుతోంది. వెలుగు అయితే ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది. రోజులు పట్టిందంటే వచ్చినవి కణాలే అయ్యుండాలి. అలాంటివి రోజూ కొద్దికొద్దిగా వస్తూ ఈ పొరలను పోషిస్తున్నాయేమో!

మామూలు రోజుల్లో ఈ రెంటినీ విడదీయడం కుదరదు. సూర్యుడు ఉదయిస్తే రెండూ వస్తాయి, అస్తమిస్తే రెండూ పోతాయి. గ్రహణం నాడు కుదురుతుందని లెక్కతో చూపినవాడు సిడ్నీ చాప్‌మన్. వాన నిటారుగా పడుతున్నా పరుగెత్తేవాడు గొడుగును ముందుకు వంచి పట్టుకోవాలి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగుకు ఈ పరుగు లెక్కలోకి రాదు. అదే సెకనుకు 1,600 కిలోమీటర్ల వేగంతో వచ్చే కణాలైతే, అవి సూర్యబింబం దిక్కు నుంచి కాక దానికి పడమరగా, ఒక డిగ్రీకి కాస్త పైగా పక్కనుంచి వస్తున్నట్టు ఉంటుంది. అంటే రెండు సూర్యబింబాలంత ఎడం. చంద్రుడు సూర్యుణ్ణి పడమటి నుంచి తూర్పుకు గంటకు అర డిగ్రీ చొప్పున దాటుతాడు. కాబట్టి కణాలు వచ్చే దారికి అతను ముందు అడ్డుపడతాడు, వెలుగు వచ్చే దారికి తరువాత. ఎడం రెండు గంటలు. ఆ కణాలకు విద్యుదావేశం లేదని చాప్‌మన్ అనుకున్నాడు. ఆవేశం ఉంటే భూమి అయస్కాంత క్షేత్రం దారి మళ్లిస్తుంది, లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇంత చక్కని లెక్క అబద్ధమైతే బాగుండదనిపిస్తుంది. కానీ అబద్ధమే అయింది. 1932లో అమెరికన్లూ కెనడియన్లూ తీసిన కొలతల్లో రెండు గంటల ముందు చెప్పుకోదగ్గ తగ్గుదల ఏదీ కనబడలేదు. బింబం మీద చంద్రుడి అంచు పడ్డాక ఇ పొరా, ఎఫ్1 పొరా తగ్గడం మొదలుపెట్టాయి. బింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు అట్టడుగుకు చేరాయి. విడుపుతో తిరిగి లేచాయి. పంచాంగంలో రాసుకునే స్పర్శ, మధ్యం, మోక్షం మూడింటినీ ఆ పొరలు చెప్పినట్టే పాటించాయి. పగటి అయనోస్ఫియర్‌ను తయారుచేసేది కిరణాలే.

మన ఊళ్లలో గ్రహణం పట్టినంతసేపూ చెడు కిరణాలు పడతాయని చెప్పి గర్భిణులను ఇంట్లో కూర్చోబెట్టే పద్ధతి ఇంకా పోలేదు. ఆ పొరలు కొలిచి చూపించింది దానికి సరిగ్గా తలకిందులైన సంగతి: ఆ కాసేపూ పైనుంచి వచ్చే అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు తక్కువ. రక్షణ లేకుండా సూర్యుడివైపు చూస్తే కళ్లు పాడవుతాయన్నది మాత్రం నిజం. అది గ్రహణం లేని రోజునా నిజమే.

ఆ తగ్గుదల ఎంతో ఒక్క పొరను పట్టుకుని దగ్గరగా చూద్దాం. కొలిచే పరికరం పేరు అయనోసోండ్. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి పౌనఃపున్యం పెంచుకుంటూ నిటారుగా పైకి సంకేతాలు పంపుతుంది, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు గీస్తుంది. ఒక పౌనఃపున్యం దాటాక ఇ పొర ఇక ఆపలేదు, సంకేతం దాన్ని చీల్చుకుని పైకి పోతుంది. మధ్యాహ్నం ఆ హద్దు 3.5 మెగాహెర్ట్జ్ అనుకుందాం. అంటే ఘన సెంటీమీటరుకు సుమారు లక్షన్నర ఎలక్ట్రాన్లు. గ్రహణం మధ్యలో కిరణాలు 15 శాతానికి పడిపోయాయనుకుందాం. ఎలక్ట్రాన్లు కూడా 15 శాతానికి పడవు. ఎలక్ట్రాన్ మాయం కావాలంటే అయాన్ ఎదురుపడాలి. రెండూ పలచబడినకొద్దీ ఎదురుపడటం అరుదవుతుంది. అందుకని ఎలక్ట్రాన్ల సాంద్రత కిరణాల వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 15 శాతానికి వర్గమూలం తీస్తే 39 శాతం, అంటే లక్షన్నరలో 59 వేల దాకా మిగులుతాయి. హద్దు పౌనఃపున్యం మళ్లీ సాంద్రత వర్గమూలాన్ని అనుసరిస్తుంది, కనుక 3.5 కాస్తా 2.2 అవుతుంది. తెర మీద గీత అలా ఎడమకు జరిగి మళ్లీ కుడికి రావడాన్నే గ్రహణపు రోజున చూసేది. ఇ పొరలో ఈ సర్దుబాటు నిమిషాల్లో అయిపోతుంది.

అసలు ఆ 15 శాతం ఎందుకు మిగలాలి? సంపూర్ణ గ్రహణంలో బింబం మొత్తం మూసుకుపోయింది కదా! ఈ చిక్కు చాలాకాలం విడలేదు. మన నేల మీద దీనికి ఒక పూర్వకథ ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సన్ గుంటూరులో చూశాడు, మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. మూసిన బింబం అంచున లేచిన జ్వాలల వెలుగును వర్ణపటంగా విడదీసిన ఆ రోజు పరిశీలనల్లో కనిపించిన పసుపు గీతే తరువాత హీలియం అనే మూలకం ఉందని చెప్పింది. సూర్యుడంటే బింబం ఒక్కటే కాదనీ, దాని అవతల కూడా సరంజామా ఉందనీ ఆనాడే తేలింది. అయితే ఆ పైనున్న కరోనా పది లక్షల డిగ్రీల వేడిలో ఉందని తెలియడానికి 1940 ప్రాంతం దాకా ఆగవలసి వచ్చింది. అంత వేడి వాయువు వెలువరించేది ఎక్కువగా ఎక్స్ కిరణాలూ, అతి తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలూ. అయనోస్ఫియర్‌కు కావలసిన మేత సరిగ్గా అదే. చంద్రుడు బింబాన్ని మూస్తాడు, కరోనాను మూయలేడు. నేల మీద నక్షత్రాలు కనబడేంత చీకటి పడినా 100 కిలోమీటర్ల ఎత్తున సగం సగం పగలే. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏడాది ఈ మిగులు ఇంకా పెరుగుతుంది. చంద్రుడి అంచు ఒక్కొక్క మచ్చల గుంపును మూస్తూ తెరుస్తూ పోతుంటే కిరణాల తగ్గుదల కూడా నునుపుగా కాక మెట్లు మెట్లుగా సాగుతుంది.

ఎఫ్2 పొర మాత్రం మొదటి నుంచీ మాట వినని రకం. అక్కడ ఉండేవి ఆక్సిజన్ పరమాణు అయాన్లు. అవి ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకోలేవు. ముందు ఒక నైట్రోజన్ అణువుతోనో ఆక్సిజన్ అణువుతోనో చర్య జరిపి తమ ఆవేశాన్ని అణు అయాన్‌కు అప్పగించాలి, ఆ అయాన్ అప్పుడు ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుంది. 300 కిలోమీటర్ల ఎత్తున అణువులే అరుదు, అందుకని పని నత్తనడకన సాగుతుంది. గ్రహణం మధ్య దాటి పదుల నిమిషాలు గడిచాక గానీ ఎఫ్2 అడుగుకు చేరదు. దానికి తోడు వేడి తగ్గి పై పొరలు కుంగుతాయి, అయస్కాంత రేఖల వెంట పైనుంచి ఎలక్ట్రాన్లు కిందికి జారుతాయి. ఒకచోట పడిపోయిన సాంద్రత ఇంకోచోట కాసేపు పెరగనూవచ్చు. ఒక్క అయనోసోండ్ ముందు కూర్చున్నవాడికి ఇదంతా గందరగోళమే.

గందరగోళాన్ని విడదీసింది జీపీఎస్. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఎదురైతే అంత ఆలస్యమవుతుంది. చదరపు మీటరు అడ్డుకోత గల స్తంభంలో ఒకటి పక్కన పదహారు సున్నాలన్ని ఎలక్ట్రాన్లుంటే ఒక యూనిట్. ఒక యూనిట్‌కు దూరం లెక్క 16 సెంటీమీటర్లు తప్పుతుంది. మన తెలుగు ప్రాంతాల మీద సూర్యుడు చురుకుగా ఉన్న ఏడాది మధ్యాహ్నం 60 యూనిట్లు దాటడం మామూలే, అంటే తప్పు ఇంచుమించు పది మీటర్లు. విమానాల కోసం మన దేశం నడిపే గగన్ వ్యవస్థ ఈ తప్పును దిద్దడానికే ఎక్కువ పాటుపడుతుంది. దారి చూపేవాళ్లకు తలనొప్పి అయిన ఆ ఆలస్యమే అయనోస్ఫియర్ పరిశోధకులకు ఉచితంగా దొరికిన కొలబద్ద. 2017 ఆగస్టు 21న అమెరికాను ఒడ్డు నుంచి ఒడ్డు దాకా దాటిన గ్రహణాన్ని ఎంఐటీ హేస్టాక్ అబ్జర్వేటరీ వాళ్లు దాదాపు 2,000 జీపీఎస్ గ్రాహకాలతో గమనించారు. నీడ కింద ఎలక్ట్రాన్లు తగ్గడం అందరూ ఎదురుచూసినదే. దాంతోపాటు పడవ ముక్కు నీటిని చీల్చినట్టు విల్లు ఆకారపు అలలు కనబడ్డాయి, 300 నుంచి 400 కిలోమీటర్ల తరంగదైర్ఘ్యంతో. ఆ రోజు నీడ ఒరెగన్ తీరాన సెకనుకు కిలోమీటరు వేగంతో ప్రవేశించి, తూర్పు తీరం చేరేసరికి ఆ వేగంలో మూడింట రెండు వంతులకు వచ్చింది. అయినా ధ్వని వేగం కన్నా ఎక్కువే. అలా పరుగెత్తే చల్లటి మచ్చ వాతావరణంలో ఇలాంటి అలలు లేపాలని చిమోనాస్, హైన్స్ 1970లోనే రాశారు. దాదాపు యాభై ఏళ్లకు అలలు స్పష్టంగా చిక్కాయి.

ఈ పరిశోధన మనకు పరాయిది కాదు. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున బి. రామచంద్రరావు దీనికి దేశంలో పునాది వేసినవాళ్లలో ఉన్నారు. మనకో ప్రత్యేకమైన వసతి కూడా ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ కేరళ, తమిళనాడుల దక్షిణపు కొస మీదుగా పోతుంది. తుంబాలో 1963లో రాకెట్ కేంద్రం పెట్టింది అందుకే. ఆ రేఖ మీద పగటిపూట 100 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున తూర్పువైపుగా ఒక సన్నని విద్యుత్ ప్రవాహం ఉంటుంది. 2010 జనవరి 15 నాటి కంకణ గ్రహణం మధ్యాహ్నం వేళ తిరువనంతపురం మీద ఏడు నిమిషాలకు పైగా నిలిచింది. ఇస్రో తుంబా నుంచి వరసగా రాకెట్లు పంపింది. ఆ రోజు ఈ ప్రవాహం బలహీనపడటంతో ఆగలేదు, దిశ తిప్పుకుని పడమరకు పారింది. నీడ చల్లదనంతో పుట్టిన గాలులు కారణమని ఒక వివరణ. ఇందులో ఒక తిరకాసు ఉంది. అమావాస్య, పున్నమి రోజుల్లో చంద్రుడి ఆకర్షణ వాతావరణంలో లేపే పోటు వల్ల కూడా ఈ ప్రవాహం తిరగబడుతుంది. సూర్యగ్రహణమేమో అమావాస్య నాడు తప్ప పట్టదు. చంద్రుడు నీడ వేసి చేసింది ఎంత, ఆకర్షించి చేసింది ఎంత? 2031 మే 21న మరో కంకణ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా పోనుంది. ఈ ప్రశ్న అప్పుడు మళ్లీ బయటికొస్తుంది.

ఓడిన పక్షం ఏమైంది మరి?

కణాలు నిజంగానే వస్తున్నాయి. 1932లో వాటికి అప్పగించిన పని మాత్రం వాటిది కాదు. సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే గాలి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో నాలుగు రోజుల్లో వస్తుంది. అది ఆవేశమున్న కణాల గాలి, భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని చాలావరకు పక్కకు తోసేస్తుంది. అయనోస్ఫియర్‌ను కుదిపేవి అంతకన్నా శక్తిమంతమైనవి. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటం జరిగితే వచ్చే ప్రోటాన్లు కోటి, పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో అరగంటలోనో కొద్ది గంటల్లోనో భూమిని చేరతాయి. అయస్కాంత రేఖలు ధ్రువాల దగ్గర నిటారుగా దిగుతాయి కనుక అక్కడ వాటికి తలుపు తెరిచే ఉంటుంది. ఇ, ఎఫ్ పొరలను దాటేసి డి పొర లోతుకు దూరి అక్కడ ఎలక్ట్రాన్లను రాలుస్తాయి. 1956 ఫిబ్రవరి 23 నాటి విస్ఫోటం తరువాత ఉత్తర ప్రాంతపు రేడియో సంబంధాలు దెబ్బతిన్నప్పుడు ఈ సంగతి బయటపడింది.

విస్ఫోటం వల్ల రేడియో మూగబోవడం రెండు రకాలు, అందులో మళ్లీ ఆ పాత వాదులే కనబడతారు. ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి పగలున్న అర్ధగోళంలో షార్ట్‌వేవ్‌ను మింగేస్తాయి. హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నమైతే దెబ్బ హైదరాబాద్‌కే. గంటలో అంతా సర్దుకుంటుంది. ప్రోటాన్లు తెచ్చే మౌనం ధ్రువాలకే పరిమితం గానీ రోజుల తరబడి పోదు. అమెరికా నుంచి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చే విమానాలకు ఇది నిజమైన ఇబ్బంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఆ దారినే వచ్చింది. అంత ఉత్తరాన పైలట్లకు షార్ట్‌వేవే ప్రధానమైన ఆధారంగా ఉంటూ వచ్చింది, అందుకే ప్రోటాన్ల తుఫాను రోజుల్లో విమాన సంస్థలు ధ్రువపు దారి మానుకుని కిందినుంచి చుట్టు తిరుగుతాయి.

మన నెత్తిమీదికి ఆ ప్రోటాన్లు దిగలేవు. దక్షిణ భారతం మీద అయస్కాంత క్షేత్రం రేఖలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. వాటిని చీల్చుకుని నిటారుగా దిగాలంటే ప్రోటాన్‌కు ఇంచుమించు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ప్రపంచంలో ఈ హద్దు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న ప్రాంతాల్లో మనదొకటి. నక్షత్రాల లోకం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లో అత్యంత శక్తిమంతమైనవే దాటగలవు. డి పొర అడుగుభాగాన రాత్రీ పగలూ కొద్దిగా ఎలక్ట్రాన్లను పుట్టించేవి అవే, వాటికి గ్రహణం లేదు. సూర్యుడి విస్ఫోటాలు లేపే అయస్కాంత తుఫాను ప్రభావం మనకు మరో రూపంలో వస్తుంది: ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రాలు భూమధ్యరేఖ దాకా పాకి ఎఫ్ పొరను ఎత్తేయడమో, కుంగదీయడమో చేస్తాయి, జీపీఎస్ తడబడుతుంది. 2024 మే 10, 11 తేదీల తుఫానులో లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలు ఆకాశంలో ఎర్రటి వెలుగును పట్టుకున్నాయి. ఆ తుఫానును మోసుకొచ్చిన కణాలను, శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల కాపు కాస్తున్న ఆదిత్య ఎల్1 దారిలోనే కొలిచింది.

చివరిగా, 1932లో ఊహించని ఒక విషయం ధ్రువాల దగ్గర తేలింది. ప్రోటాన్లు రాత్రీ పగలూ సమానంగానే దిగుతున్నా రేడియో మింగుడు రాత్రి బాగా తగ్గిపోతుంది. డి పొర అడుగున గాలి కాస్త చిక్కన. చీకట్లో ఎలక్ట్రాన్లు పోయి ఆక్సిజన్ అణువులకు అతుక్కుంటాయి, అతుక్కున్న ఎలక్ట్రాన్ రేడియో తరంగాన్ని మింగలేదు. సూర్యుడు పొడవగానే మామూలు వెలుగే వాటిని ఊడదీసి మళ్లీ వదులుతుంది. ఎలక్ట్రాన్లను పుట్టించేవి కణాలు, వాటిని స్వేచ్ఛగా ఉంచేది వెలుగు. ఇక్కడ ఇద్దరు వాదులూ ఒకే పనిలో ఉన్నారు. దీన్ని నీడతో పరీక్షించాలంటే ధ్రువానికి దగ్గరలో గ్రహణం పట్టాలి, అదే పూట సూర్యుడి నుంచి ప్రోటాన్లు కురుస్తూ ఉండాలి. మొదటిది లెక్కకు దొరుకుతుంది: 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ గ్రహణపు దారి ఉత్తర ధ్రువం దగ్గరగా వెళ్లి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌ల మీదుగా స్పెయిన్‌లో దిగుతుంది. రెండోదాన్ని ఏ పంచాంగకర్తా ముందుగా రాయలేడు.